రెండు గడియల తలుపు

2023 జూన్. తొలి వానలు పడి మాదాపూర్ రోడ్లన్నీ కిటకిటలాడుతున్న రోజులు. రాయదుర్గం మెట్రో స్టేషన్‌కు కాస్త దూరంలో ఉన్న ఒక బిజినెస్ హోటల్లో నేను ఫ్రంట్ ఆఫీస్ మేనేజర్‌ని. అంటే రిసెప్షన్‌లో నిలబడి తాళాలు ఇచ్చేవాళ్లకు పెద్దదిక్కుని. ఎవరికి ఏ గది ఇవ్వాలో తేల్చేదీ నేనే, ఆ గది నచ్చకపోతే తిట్లు తినేదీ నేనే. మాది సంగారెడ్డి. నా నోరు కూడా తక్కువదేం కాదు. కానీ కౌంటర్ వెనక నిలబడ్డంతసేపు దాన్ని చిరునవ్వు కింద దాచిపెట్టాలి, జీతం ఇచ్చేది అందుకే.

ఈ ప్రాంతంలో హోటళ్ల తీరు బయటివాళ్లకు విడ్డూరంగా ఉంటుంది. సోమవారం నుంచి గురువారం దాకా గది దొరకడమే గగనం. శుక్రవారం సాయంత్రమైతే మేం ఈగలు తోలుకుంటూ కూర్చుంటాం. వచ్చేవాళ్లంతా మెడలో ఐడీ కార్డు, వీపున ల్యాప్‌టాప్ సంచీ ఉన్న ఒంటరి ఉద్యోగులు. గదులు కూడా వాళ్లను దృష్టిలో పెట్టుకునే కట్టారు. ఒక పెద్ద మంచం, ఒక రాత బల్ల, బాత్రూంకీ పడకగదికీ మధ్య గోడ ఉండాల్సిన చోట నిలువెత్తు గాజు పలక. ఎందుకయ్యా అంటే గది విశాలంగా కనబడుతుందట, స్నానం చేస్తూ టీవీ చూడొచ్చట. ఆ డిజైన్ గీసిన మహానుభావుడెవరో గాని, పిల్లలతో ఏనాడూ హోటల్లో దిగి ఉండడు.

ఆ బుధవారం మధ్యాహ్నం ముగ్గురు వచ్చారు. తండ్రి పేరు ఓబులేశు, ప్రొద్దుటూరులో టెంట్ హౌస్ నడుపుతారు. పెళ్లిళ్లకు షామియానాలు, కుర్చీలు, వంట పాత్రలు అద్దెకు ఇచ్చే వ్యాపారం. అరచేతుల నిండా తాళ్లు లాగిన కాయలు. కూతురు హారికకు పదహారేళ్లు, భుజాన బ్యాడ్మింటన్ రాకెట్ల సంచీ. నడుము దాటే జుట్టునంతా ఒక్క రబ్బరుబ్యాండుతో ఎలాగో ముద్దగా చుట్టి నెత్తిన కట్టేసింది. కొడుకు చరణ్‌కు పద్నాలుగు. గొంతు మారుతున్న వయసు, ఒక మాట పెద్దమనిషిలా, ఇంకో మాట పసివాడిలా వినిపిస్తోంది. లోపలికి రాగానే వాడడిగిన మొదటి ప్రశ్న వైఫై పాస్‌వర్డ్.

యాప్‌లో ‘ఫ్యామిలీ రూం, ముగ్గురికి’ అని బుక్ చేసుకొచ్చారు. మా లెక్కలో ఫ్యామిలీ రూం అంటే వేరే ఏం లేదు, అదే పెద్ద మంచం పక్కన మడత మంచం ఒకటి వేస్తాం. రిసెప్షన్‌లో ఉన్న మా రేష్మ ఆధార్ కార్డులు తీసుకుని, నేర్పిన ప్రకారం అడిగింది.

“సర్, ఈ అమ్మాయి మీకేమవుతుంది?”

పద్దెనిమిది నిండని ఆడపిల్ల మగమనిషితో వస్తే ఆ ప్రశ్న అడిగి తీరాలి. పిల్లల క్షేమం కోసం పెట్టుకున్న నియమం. కానీ వెనక వరుసలో నలుగురు నిలబడి వింటున్నారు. ఆయన ముఖం మాడిపోయింది.

“నా బిడ్డ మేడమ్. ఇంకేమవుతుంది?”

నేను ముందుకొచ్చి, “ఏమనుకోకండి సర్, ప్రతి ఒక్కరినీ అడుగుతాం” అన్నాను.

“అడగాల్సిందే మేడమ్, తప్పేం లేదు. వాళ్లమ్మ ఉంటే ఈ ప్రశ్నే రాకపోవును. పోయిన ఏడాది పోయింది” అన్నారు మెల్లగా. పిల్లలిద్దరూ వేరే వైపు చూస్తున్నారు.

అప్పుడు తెలిసింది వాళ్లొచ్చిన పని. గచ్చిబౌలి వైపు ఒక బ్యాడ్మింటన్ అకాడమీలో మరుసటి రోజు పొద్దున్నే సెలెక్షన్లు. ఎంపికైతే హాస్టల్, చదువు, శిక్షణ అంతా అక్కడే. హారికకు తన వయసు విభాగంలో ఇదే ఆఖరి అవకాశం, మరుసటి ఏటికి వయసు దాటిపోతుంది. “వాళ్లమ్మ కోరిక ఇది. పొద్దున్నే లేచి గ్రౌండుకు తీస్కపోయేది ఆయమ్మే” అన్నారాయన. నేను నాలుగు మంచి మాటలు చెప్పి తాళాలిచ్చి పంపాను.

సాయంత్రం టీ వేళకు చూస్తే హారిక లాబీ సోఫాలో ఉంది. రాకెట్ల సంచీ ఒళ్లో పెట్టుకుని, కాళ్లు దగ్గరికి ముడుచుకుని కూర్చుంది. కాసేపటికి ఓబులేశు గారు కౌంటర్ దగ్గరికి వచ్చి గొంతు సవరించుకున్నారు.

“మేడమ్, ఇంకేమన్నా రూం ఉందా?”

“ఆ గదిలో ఏం ఇబ్బంది సర్?”

“ఇబ్బందేం లేదు. రూం బ్రహ్మాండంగా ఉంది. వేరేది ఏమన్నా ఉందేమోనని…” అంటూ కౌంటర్ మీది పూలకుండీని తిప్పుతున్నారు.

మా వృత్తిలో అతిథి మొహం చిన్నబోతే మేం చేసే పని ఒక్కటే, అప్‌గ్రేడ్. ఉన్నదానికంటే పెద్ద గది ఇచ్చేస్తాం. జ్వరానికి బిళ్ల వేసినంత అలవాటుగా చేస్తాం. తొమ్మిదో అంతస్తులో ఒక స్వీట్, అంటే మా దగ్గరున్న వాటిలోకెల్లా పెద్ద గది, ఆ రోజుకు ఖాళీగా ఉంది. దుర్గం చెరువు కనిపిస్తుంది, రెండు టీవీలు. తల్లిలేని పిల్లలు, పైగా రేపు ఆ పిల్లకు పరీక్షలాంటి రోజు అనుకుని, నేనే దగ్గరుండి తీసుకెళ్లి తలుపు తెరిచాను. “ఇది మీకే సర్, మా తరఫున” అన్నాను. ఎంత గొప్పగా అన్నానో ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ ముగ్గురూ గదిని చూశారు, తర్వాత ఒకరి తర్వాత ఒకరు నేలను చూశారు. పాపం, ‘థాంక్యూ మేడమ్’ అన్నారు ఆయన.

నేను కిందికి వచ్చి పట్టుమని ఒక ఫోన్ మాట్లాడి పెట్టానో లేదో, హారిక మళ్లీ అదే సోఫాలో. వెనకాలే తండ్రి.

“మేడమ్, ప్రొద్దుటూరు బస్సు మియాపూర్‌లో ఎక్కాల్నా, లింగంపల్లిలోనా?”

“అదేంటి సర్! రేపు సెలెక్షన్లు కదా?”

“పాప ఆడనంటాంది. ఇంటికి పోదాం అంటాంది. ఎందుకమ్మా అంటే చెప్పదు, ఏడుస్తాంది. భయపడినట్టుంది. బలవంతం చేసేదానికి నాకు చేతకాదు మేడమ్. వాళ్లమ్మ అయితే ఏదో ఒకటి చెప్పి ఒప్పించేది.” ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. బ్యాగులు సర్దుతానని పైకి వెళ్లారు.

నాకు మనసంతా ఒకటే గుబులు. ఇంతలో హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్ యాదమ్మ గుర్రుగా వచ్చింది. గదులు, వరండాలు, లాబీలోని వాష్‌రూంలు శుభ్రంగా ఉంచే జట్టంతా ఆమె కిందే.

“మేడం, గా కడప సార్‌కు జర చెప్పుండ్రి. వచ్చిన కాడికెల్లి ముగ్గురికి ముగ్గురు లాబీల వాష్‌రూంలనే ఉంటున్నరు. ఒకరు పోతే ఒకరొస్తున్నరు. గా పిలగాడైతే అండ్లనే స్నానం జేసిండు, నీళ్లన్ని కిందనే. మా పిల్ల తుడ్వలేక పరేషాన్ అయితున్నది. పైన గంత పెద్ద బాత్రూం బెట్టుకొని ఇదేంది?”

“ముగ్గురూనా?”

“ఆఁ, ముగ్గురు. ఒకరికి తెల్వకుంట ఒకరు.”

నేను నెత్తి కొట్టుకున్నాను. గాజు పలక! ముందు ఇచ్చిన గదిలో నిలువెత్తు అద్దం. దానికో తెర ఉంది గాని, దాన్ని లాగే తాడు పడకగది వైపు ఉంది. లోపల దీపం వేస్తే తెర మీద నీడ పడుతుంది. అది చాలదన్నట్టు నేను ఎత్తుకెళ్లి పెట్టిన స్వీట్‌లో అయితే స్నానాల తొట్టి నట్టింట్లో బొమ్మల కొలువులాగా మూడువైపులా గాజులో ఉంది. మా హోటల్లో గది ఎంత ఖరీదైతే అంత గాజు. ముగ్గురూ సిగ్గుతో చస్తున్నారు, ఒకరికొకరు చెప్పుకోలేక గది బ్రహ్మాండంగా ఉందంటున్నారు!

వెళ్లి హారిక పక్కన కూర్చున్నాను. “ఆ గాజు బాత్రూం సంగతి నాకు ఇప్పుడే తట్టింది తల్లీ. నేనైనా ఆ గదిలో ఉండలేను. మా ఆయనతో కూడా ఉండలేను” అన్నాను. ఏడుస్తున్నది కాస్తా ఫక్కుమంది. నవ్వాక మళ్లీ కళ్లు నిండాయి.

“నాన్నకు చెప్పొద్దు ఆంటీ. ఫోటోలు చూసి ఎంతో ఇష్టంగా బుక్ చేసినాడు. బాగలేదంటే బాధపడతాడు.”

“అంతేనా, ఇంకేమైనా ఉందా?”

కాసేపు సంచీ జిప్పు లాగుతూ కూర్చుంది. “పొద్దున బస్సులోనే పీరియడ్స్ వచ్చినాయి ఆంటీ. ఆ రూంలో… నాన్న, తమ్ముడు… నాకు ఎట్ల చేయాల్నో తెలీలేదు. మందుల షాపుకు పోతానంటే ఎందుకని అడుగుతాడు. ఇంటికి పోతే చాలనిపించింది.”

ఒక ఏడాదంతా ఆ పిల్ల పొద్దున్నే లేచి కోర్టులో చెమటోడ్చింది. అదంతా ఒక అద్దం వల్ల, చెప్పుకునే మనిషి లేకపోవడం వల్ల మియాపూర్ బస్సెక్కిపోతోంది. ఇది నా హోటల్లో జరగనివ్వనని అప్పుడే అనుకున్నాను. యాదమ్మను పిలిచి చెవిలో చెప్పాను. శానిటరీ ప్యాడ్లు మా హౌస్‌కీపింగ్‌లో ఎప్పుడూ ఉంటాయి, అడిగేవాళ్లే తక్కువ. యాదమ్మ కోపం ఎటు పోయిందో, “అయ్యో బిడ్డా, గిదా సంగతి! ఇగ ఫికర్ జెయ్యకు, నాతోని రా” అని చెయ్యి పట్టుకుని స్టాఫ్ గదికి తీసుకెళ్లింది.

ఇక గది. ఓబులేశు గారికి ఫోన్ చేసి, పాపకు వేరే గది ఏర్పాటు చేస్తానన్నాను. ఐదో అంతస్తులో ఒకటి కుదరవచ్చు.

“వద్దు మేడమ్. ఊరుగాని ఊర్లో ఆడబిడ్డను ఒక్కదాన్నే వేరే అంతస్తులో పెట్టి నేనెట్ల నిద్రపోతా? అట్లయితే బస్సే మేలు.”

ఆయన మాటా కాదనలేం. దగ్గరుండాలి, కానీ కళ్లెదుట ఉండకూడదు. ఎదిగే పిల్లలతో వచ్చే ఏ తల్లికైనా తండ్రికైనా కావాల్సిన గది అదే. మా దగ్గర అలాంటి జత ఒకటే ఉంది. మూడో అంతస్తులో వెనకవైపు రెండు గదులు. నీటి గొట్టాలన్నీ అటు నుంచే దిగుతాయి కాబట్టి గాజు పెట్టడం కుదరక బాత్రూంలకు ఇటుక గోడలే కట్టారు. కిటికీ తెరిస్తే పక్క భవనం జనరేటర్ కనిపిస్తుంది, అందుకే వాటిని అందరికంటే చివర అమ్ముతాం. వాటిని కనెక్టింగ్ రూమ్స్ అంటారు. అంటే వరండాలోకి వెళ్లకుండా ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోయే తలుపు ఉంటుంది. ఒక గది మధ్యాహ్నమే ఖాళీ అయింది. రెండో గదిలో మాత్రం కాకినాడ నుంచి వచ్చిన సూర్యారావు గారు, సాఫ్ట్‌వేర్ కన్సల్టెంట్, మూడు వారాలుగా కాపురం పెట్టారు. కెటిల్, పచ్చళ్ల సీసాలు, కిటికీకి కట్టిన దండెం, అన్నీ ఉన్నాయి.

తలుపు తట్టాను. చెవికి హెడ్‌ఫోన్, పైన చొక్కా, కింద లుంగీ. మీటింగ్‌లో ఉన్నారు.

“ఏంటండీ మంజుల గారూ, ఇప్పుడు గది మారమంటే ఎలాగండీ? ఈ జనరేటర్ శబ్దం లేకపోతే నాకు నిద్ర కూడా పట్టట్లేదండీ!”

“తొమ్మిదో అంతస్తు స్వీట్ సర్. చెరువు కనిపిస్తుంది.”

“ఆ గాజు తొట్టిదాండీ? బాబోయ్, నాకొద్దండీ.”

ఇక లాభం లేదని సంగతి చెప్పాను. ఊరూ పేరూ చెప్పలేదు. ఒక తండ్రి, ఎదిగిన కూతురు, కొడుకు, పొద్దున్నే ఆ పిల్లకు సెలెక్షన్లు, అంతే చెప్పాను. ఆయన హెడ్‌ఫోన్ తీసేశారు.

“మా అమ్మాయికీ పదిహేనండీ. మొన్న వేసవిలో వైజాగ్‌లో మాకూ ఇదే తంతు. అది స్నానం చేసినంతసేపూ నేను బాల్కనీలో సముద్రం వంక తిరిగి నిలబడ్డానండీ. జనం నన్ను చూసి ఏదో తపస్సు అనుకుని ఉంటారు.” దండెం మీది తువ్వాలు లాగి భుజాన వేసుకున్నారు. “పదండి. నేనొక్కణ్ణే కదండీ, నా ఒళ్లు నేను చూసుకోడానికి నాకేం సిగ్గు! పచ్చళ్ల సీసాలు మాత్రం జాగ్రత్తగా తెమ్మనండి.”

చీకటి పడకముందే ఓబులేశు కుటుంబాన్ని కిందికి మార్చాం. రెండు గదుల బిల్లు సంగతి మా జనరల్ మేనేజర్‌తో నేను పోట్లాడుకుంటానని ముందే చెప్పేశాను. చరణ్ బాత్రూంలోకి వెళ్లి గోడను చేత్తో తట్టి, “హమ్మయ్య, గోడ!” అన్నాడు, గొంతు పగిలి సగంలో సన్నబడింది. తండ్రి తల తిప్పి వాణ్ణి చూశారు, వాడు తండ్రిని చూశాడు. ముగ్గురికీ ఒకరి గుట్టు ఒకరికి తెలిసిపోయింది. హారిక నవ్వింది, తర్వాత అందరూ నవ్వారు. ఆ రోజు ఆయన నవ్వు చూడడం అదే మొదలు.

మధ్య తలుపు ఎలా పనిచేస్తుందో చూపించాను. చూడడానికి ఒకటే గాని, నిజానికి అవి ఒకదాని వీపుకు ఒకటి ఆనించిన రెండు తలుపులు. ఆ గదివాళ్ల గడియ ఆ గదివాళ్లదే, ఈ గదివాళ్లది ఈ గదివాళ్లదే. ఇద్దరూ తీస్తేనే దారి.

ఆయన గడియను రెండుసార్లు వేసి తీసి చూశారు. “పాప తన పక్క గడియ పెట్టుకుంటే నేను తీయలేనా?”

“తీయలేరు సర్. ఆమే తీయాలి.”

“ఏమన్నా అయితే?”

“గోడ మీద తడితే వినిపిస్తుంది. అంతగా అవసరమైతే వరండా వైపు తలుపుకు మా దగ్గర మాస్టర్ కీ ఉంది.”

కూతురి వైపు చూశారు. ఆ పిల్ల తన గదిలో నిలబడి ఆ తలుపు అంచు పట్టుకుని ఉంది. ఆయన గడియ మీంచి చెయ్యి తీశారు. “సరేమ్మా, నీ పక్క నువ్వు పెట్టుకో. నా పక్క తీసే పెడతా. ఎప్పుడన్నా తట్టే పన్లేదు, నెట్టుకోని రా.”

మరుసటి పొద్దున నేను డ్యూటీకి ముందే వచ్చాను, ఎందుకో ఇంట్లో నిలవబుద్ధి కాలేదు. ముగ్గురూ టిఫిన్ దగ్గర ఉన్నారు. హారిక ఇడ్లీ తింటోంది. నెత్తిన ముద్ద లేదు, వీపు మీద ఒకే జడ. జడ అంటే మామూలు జడ కాదు, గాలివానకు కూడా కదలనంత బిగుతు.

ఓబులేశు గారు కాఫీ కప్పు పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. “తెల్లార్తో గడియ చప్పుడయింది మేడమ్. దువ్వెన పట్టుకోని వచ్చి నా ముందర కూచుంది. ‘నాన్నా, జడ వేస్తావా’ అనింది. మ్యాచ్ రోజు వాళ్లమ్మ వేసేది. ఆయమ్మ పోయినప్పట్నుంచి ఎవుర్నీ జుట్టు ముట్టుకోనీలేదు. నాకు జడ యాడ వస్తాది? షామియానా తాడు పేనినట్టు పేనినా. గట్టిగుంది నాన్నా, చాలు అనింది.” కప్పు కింద పెట్టారు. “నిన్నటి సంగతి కూడా నాకు తెలుసు మేడమ్. బస్సులోనే అనుమానం వచ్చింది. ఎట్లడగాలో తెలీక ఊరకున్నా. ఆయమ్మెవురో, యాదమ్మంట, బిడ్డను చూసుకునిందంట. థాంక్యూ అని చెప్పండి ఆమెకు.”

చెప్పాను. యాదమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, “మస్తు జడేసిండు సారు” అని మాత్రం అంది.

హారిక ఎంపికైంది. ఆ కబురు ఓబులేశు గారే వారం తర్వాత ఫోన్ చేసి చెప్పారు. చెబుతూ ఏడ్చారు, వింటూ నేనూ ఏడ్చాను, పక్కన రేష్మ కంగారుపడి మంచినీళ్లు తెచ్చింది.

ఆ తర్వాత మా రిజర్వేషన్ డెస్క్‌లో ఒక ప్రశ్న మార్చాం. ‘ఎంతమంది’ అని అడగడంతో ఆపం. పిల్లల వయసెంత, ఎవరితో వస్తున్నారు అని అడుగుతాం. పదేళ్లు దాటిన పిల్లలుంటే చెరువు కనిపించే గది గురించి మాట్లాడం, బాత్రూంకు గోడ ఉందో లేదో ముందే చెబుతాం. వయసొచ్చిన పిల్లలున్న ఇంటికి కావాల్సింది పెద్ద గది కాదని, తలుపు వేసుకునే వీలు, అవతల మనిషి ఉన్నాడనే ధీమా రెండూ కావాలని నాకు ఆ ముగ్గురే నేర్పారు. కొత్తగా చేరినవాళ్లకు ట్రైనింగ్‌లో అప్‌గ్రేడ్ చేసే ముందు అతిథి మొహం చూడమని చెబుతాను. నా స్వీట్ ఘనకార్యం కూడా చెబుతాను, పడీ పడీ నవ్వుతారు.

మొన్న దసరా సెలవులకు ముందు ఒక ఫోన్ వచ్చింది. గొంతు పెద్దదైంది గాని, గుర్తుపట్టాను.

“ఆంటీ, నేను హారికను. నాన్న, తమ్ముడు వస్తున్నారు. అకాడమీ వాళ్లు నాకు రెండు రోజులు బయటికి పర్మిషన్ ఇచ్చినారు. ఆ మూడో అంతస్తు రూములే కావాలి.”

“ఉన్నాయి తల్లీ. కానీ ఒక గదిలో మధ్య తలుపు గడియ సరిగ్గా పడడం లేదు. రిపేరుకు చెప్పాను.”

“ఏ రూంలో ఆంటీ?”

“అప్పుడు మీ నాన్నగారు ఉన్నదాంట్లో.”

“అయితే ఏం పర్లేదు” అంది నవ్వుతూ. “ఆయన ఎట్లాగూ గడియ పెట్టుకోడు.”